మీటరున్నర దగ్గరికి జరగండి

పెనుకొండ ఉరుసు వేదికైనా, ధర్మవరం పెళ్లి పందిరైనా, కీబోర్డు వాయించే మనిషికి స్పీకరు నాలుగైదు మీటర్ల దూరంలో ఉండటం మామూలే. మీటరు దాటడానికి ధ్వనికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. అయినా కీబోర్డు శబ్దాల కోసం ర్యాకు కంప్యూటరు కట్టుకునే కుర్రాళ్లు, శబ్దం ఆలస్యం కాకూడదని దాని ఆడియో బఫర్‌ను 64 శాంపిళ్లకు దించాలని ఖరీదైన ప్రాసెసర్ వెంట పడతారు. సెకనుకు 48,000 శాంపిళ్ల లెక్కన 256 పెట్టినా పట్టేది 5.3 మిల్లీసెకన్లే, స్పీకరును మీటరున్నర దగ్గరికి జరిపితే 64కూ 256కూ ఉన్న తేడా పూడిపోతుంది, పైసా ఖర్చు లేకుండా! మిగిలిన డబ్బు నేనైతే మన ఎండకూ దుమ్ముకూ పెడతాను: చిన్న ఫ్యాన్లు గోలపెట్టే 2యూ పెట్టె బదులు 178 మిల్లీమీటర్ల 4యూ పెట్టె, నిదానంగా తిరిగే పెద్ద ఫ్యాన్లు, కడుక్కునే జాలీ, కరెంటు పోయి జనరేటరు అందుకునేదాకా ఆదుకునే యూపీఎస్. లోపలి కార్డులకు ఇనుప పట్టీ కూడా. హిందూపురం నుంచి వచ్చే వ్యాన్ కుదుపులకు ముందు కదిలేవి అవే.