తీర్పు ఇచ్చారు, చట్టం చేశారు - అమలు ఎవరిది?

రాజ్యాంగం అనగానే మూడు స్తంభాల మాట వస్తుంది. చట్టసభలు చట్టాలు చేస్తాయి, ప్రభుత్వం అమలు చేస్తుంది, కోర్టులు న్యాయం చెబుతాయి. స్కూలు పుస్తకంలో ఇంతే. కానీ పనిచేసే చోట స్త్రీలపై జరిగే లైంగిక వేధింపుల విషయంలో ఈ మూడూ ఎలా నడిచాయో చూస్తే, హక్కు ఎక్కడ ఆగిపోతోందో తెలుస్తుంది.

రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో భన్వారీ దేవి ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో 'సాథిన్'గా పనిచేసేవారు. బాల్యవివాహాలను ఆపే ప్రయత్నం ఆమె ఉద్యోగంలో భాగం. ఆ పని చేసినందుకే 1992లో అగ్రకులాల మగవాళ్లు ఆమెపై సామూహిక అత్యాచారం చేశారు. 1995లో సెషన్స్ కోర్టు నిందితులపై అత్యాచార నేరం రుజువు కాలేదంది. పని అప్పగించిన ప్రభుత్వం ఆ పనిలో ఆమెకు రక్షణ కల్పించలేదు. అలా కల్పించి తీరాలని చెప్పే చట్టమూ అప్పటికి లేదు.

ఆ అత్యాచార ఘటన తర్వాత 'విశాఖ', మరికొన్ని మహిళా సంఘాలు 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే సుప్రీంకోర్టు తలుపు తట్టడం కూడా ఒక ప్రాథమిక హక్కే. 1997 ఆగస్టు 13న జస్టిస్ జె.ఎస్.వర్మ, జస్టిస్ సుజాతా మనోహర్, జస్టిస్ బి.ఎన్.కిర్పాల్ తీర్పు చెప్పారు. వేధింపు అంటే నడవడికకు సంబంధించిన చిన్న విషయం కాదు, 14, 15, 21 అధికరణాలు ఇచ్చిన సమానత్వానికీ జీవించే హక్కుకూ భంగం అన్నారు. భయం లేకుండా పనిచేసే వీలు లేనప్పుడు 19వ అధికరణం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛకు అర్థం లేదన్నారు. పార్లమెంటు చట్టం చేసేవరకు ప్రతి పనిస్థలంలో ఫిర్యాదుల కమిటీ ఉండాలని, దానికి స్త్రీయే అధ్యక్షత వహించాలని ఆదేశించారు. 141వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు చెప్పిన న్యాయసూత్రం దేశంలోని కోర్టులన్నిటికీ శిరోధార్యం.

కోర్టులు చట్టాలు చేయడమేమిటి, అది పార్లమెంటు అధికారం కదా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఎన్నిక కాని న్యాయమూర్తులు శాసనకర్తలు కావాలని మనమూ కోరుకోం. కానీ తన సూత్రాలు చట్టం వచ్చేదాకానే అని ఆ కోర్టే చెప్పింది. పార్లమెంటు మరునాడే చట్టం చేసి ఉండవచ్చు, ఎవరూ అడ్డుపడలేదు. చట్టం వచ్చింది 2013లో! పదహారేళ్లు. ఢిల్లీలో 2012 డిసెంబరు ఘటన తర్వాత దేశమంతా వీధుల్లోకి వచ్చాకే ఆ బిల్లు రాజ్యసభ దాటింది. చట్టసభల్లో స్త్రీలు పిడికెడు మంది ఉన్నప్పుడు స్త్రీల విషయాలు ఎప్పుడూ 'తర్వాత' జాబితాలోనే ఉంటాయి.

ఇక మూడో స్తంభం. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట యజమాని అంతర్గత కమిటీ వేయాలని 2013 చట్టం అంటోంది. మరి ఇళ్లలో పాచిపని చేసే ఆమె, చిన్న దుకాణంలో పనిచేసే అమ్మాయి, యజమానిపైనే ఫిర్యాదు ఉన్న స్త్రీ ఎక్కడికి వెళ్లాలి? వాళ్ల కోసమే ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. దాన్ని వేయవలసింది జిల్లా అధికారి. ఆ అధికారిని నియమించవలసింది ప్రభుత్వం. చట్టం వచ్చి పదకొండేళ్లయ్యాక, 2024 డిసెంబరులో, జిల్లా అధికారులను నియమించండి, స్థానిక కమిటీలు వేయండి అని సుప్రీంకోర్టు గడువులు పెట్టి మరీ రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. దీన్ని నిర్లక్ష్యం అనక ఏమనాలి?

ఆఫీసు ఉద్యోగినికి కాస్తో కూస్తో రక్షణ దొరికింది. ఏ కూలి స్త్రీ ఒంటిమీద జరిగిన అన్యాయం వల్ల ఈ హక్కు పుట్టిందో, అలాంటి కూలి స్త్రీలకే అది చివరగా చేరుతోంది. భన్వారీ దేవి కేసుకు విశాఖ తీర్పు ఒరగబెట్టింది ఏమీ లేదన్నది కూడా మనం మరవకూడదు.

కోర్టు తీర్పు చెప్పగలదు, గుమాస్తాను నియమించలేదు. పార్లమెంటు చట్టం చేయగలదు, కమిటీ గదికి తాళం తీయలేదు. ఆ పని కలెక్టరు ఆఫీసుది. కనుక మన ఒత్తిడి అక్కడే ఉండాలి. మీ జిల్లాలో స్థానిక కమిటీ ఉందా? సభ్యులెవరు? చట్టం కోరినట్టు సంవత్సరానికి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో నివేదిక ఇచ్చారా? 2005 సమాచార హక్కు చట్టం కింద ఒక అర్జీ పెడితే జవాబు చెప్పక తప్పదు. జవాబు రాకపోతే అదీ ఒక జవాబే. పదిమంది స్త్రీలు కలిసి వెళ్లి అడిగితే మరింత త్వరగా వస్తుంది.

మూడు స్తంభాలూ వాటంతట అవి కదలవు. ఇప్పటిదాకా కదిలిన ప్రతిసారీ వెనక ఉన్నది స్త్రీల పోరాటమే.