సీసా మీద మన భాషేది?

పోయిన దసరాకి ముందు ఇల్లు కడిగించాలని మరుగుదొడ్డి యాసిడ్, బ్లీచింగ్ పౌడరు నేనే కొనితెచ్చాను. మా ఇంట్లో పనిచేసే ఆమె, రెండూ కలిపి పోస్తే మురికి తొందరగా వదులుతుందనుకుంది. కాసేపటికే ఊపిరాడక, దగ్గుతూ, కళ్ళు మండుతూ బయటకు పరుగెత్తుకొచ్చింది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. గాలి ఆడని చిన్న గదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

తేరుకున్నాక ఆమె అడిగింది: "కలపకూడదని సీసా మీద రాయరామ్మా?"

రాసే ఉంది. చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో. ఆమెకు తెలుగు చదవడం వచ్చు. ఇంగ్లీషు వచ్చిన నేను ధర చూశానే తప్ప హెచ్చరిక చదవలేదు. హక్కుల గురించి సభల్లో మాట్లాడే నాకు ఆ రోజు తల వంగిపోయింది.

"చూసి కొనుక్కోండి" అని ఆడవాళ్ళకు చెప్పడం తేలిక. కానీ చాలా ఇళ్ళలో కొనేది ఒకరు, పీల్చేది మరొకరు. వాడే మనిషికి ఎంచుకునే హక్కు లేదు. కనీసం తెలుసుకునే హక్కయినా ఉండాలి కదా?

ప్యాకెట్ మీద పేరు, బరువు, ధర వంటి వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చాలంటాయి 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు. తెలుగులో రాయవచ్చు, రాసి తీరాలని లేదు. సరుకు గురించి తెలుసుకోవడం మన హక్కని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. చదవలేని భాషలో ఇచ్చింది సమాచారం ఎలా అవుతుంది?

మార్గం లేక కాదు. పురుగుమందు డబ్బాల మీద, దోమల మందు మీద వజ్రాకారపు గుర్తు చూసే ఉంటారు. దాని కింది సగంలో ఎరుపు ఉంటే అతి తీవ్రమైన విషం. ఆ తర్వాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే విషం తక్కువని, అసలు లేదని కాదు. అక్షరం రాని మనిషికీ అర్థమయ్యే ఈ పద్ధతి మరుగుదొడ్డి యాసిడ్‌కు ఎందుకు పనికిరాదు?

యాసిడ్ దాడులపై జరిగిన పోరాటం వల్ల 2013లో సుప్రీంకోర్టు, కొనేవారి గుర్తింపు కార్డు చూడాలని, అమ్మకాలు రిజిస్టరులో రాయాలని ఆదేశించింది. అడిగితేనే అది వచ్చింది. ఇదీ అడగాలి: ప్రతి సీసా మీద తెలుగులో హెచ్చరిక, రంగు గుర్తు.

అంతవరకు మన చేతిలో ఉన్నది చేద్దాం. బ్లీచింగ్‌ను యాసిడ్‌తోనే కాదు, నిమ్మరసంతోనూ కలపకూడదు. గిన్నెలకు కుంకుడు రసం, ఇత్తడికి చింతపండు చాలు. సీసా ఇంటికి తెస్తే, దాన్ని వాడబోయే మనిషికి ముందుగా చదివి వినిపిద్దాం. మా ఇంట్లో ఇప్పుడు యాసిడ్ లేదు. ఆ మాట చెబితే ఆమె, "మిగతా నాలుగిళ్ళలో ఉందమ్మా" అంది.