చిన్న రాజ్యాలకు నోరు లేని ఆట

మన తమ్ముళ్ళు చాలామంది కంప్యూటర్లో రాజ్యాలు ఏలే ఆటలు ఆడుతున్నారు. అదంతా టైం వేస్టని తిట్టే పెద్దలతో నేను ఏకీభవించను. పొత్తులు ఎలా కుదురుతాయో, యుద్ధాలు ఎందుకొస్తాయో ఆ ఆటలు కొంత నేర్పుతాయి. నా అభ్యంతరమల్లా అవి చిన్న రాజ్యాలను చూసే చూపు మీదే.

2010లో వచ్చిన 'సివిలైజేషన్ 5' సంగతే తీసుకుందాం. గాంధీ, నెపోలియన్ వంటి నాయకుల పెద్ద రాజ్యాల నడుమ బెల్‌గ్రేడ్, సింగపూర్, ఖాట్మండు వంటి నగర రాజ్యాలుంటాయి. వాటికి 250, 500, 1000 చొప్పున బంగారం ఇస్తే అక్కడ మన పలుకుబడి పెరుగుతుంది. అది 60కి చేరి, అందరికంటే ఎక్కువైతే ఆ నగరం మన మిత్రరాజ్యం. పలుకుబడి ప్రతి వంతుకూ కరిగిపోతుంది గనక మళ్ళీ ఇవ్వాలి. మనం ఎవరిమీద యుద్ధం ప్రకటిస్తే ఆ నగరమూ వారిమీదికే దిగుతుంది. ఎందుకని అడగదు. ప్రపంచ నాయకుణ్ణి ఎన్నుకునే ఓటింగులో దాని ఓటు మనకే. అందుకే ఆరితేరిన ఆటగాళ్ళు ఓటింగుకు ముందు మూటలు విప్పుతారు. ఎన్నికల ముందురోజు రాత్రి తలుపు తట్టే చేతులను వాడల్లో చూసిన మనకు ఇది కొత్తా?

2016లో వచ్చిన ఆరో భాగంలో బంగారం బదులు రాయబారులను పంపాలి. అయితే అక్కడ పైచేయి సాధించినవాడు సొమ్ము కట్టి ఆ నగర సైన్యాన్ని కొన్నాళ్ళు తన యుద్ధానికి వాడుకోవచ్చు. పద్ధతి మారింది, చిన్నవాడి బతుకు మారలేదు.

అసలు బాధ వేరే ఉంది. నగర రాజ్యం గెలవడమనేదే ఈ ఆటలో లేదు. రెండు నగరాలు తమలో తాము మాట్లాడుకుని "పెద్దల తగవులోకి మేం రాం" అనే దారీ లేదు. పైగా ఐదో భాగంలో ఒక నగరం పక్క నగరాన్ని నాశనం చెయ్యమని మనల్నే అడుగుతుంది!

చరిత్ర ఇలా నడవలేదు. 1291లో ఊరీ, ష్విజ్, ఉంటర్‌వాల్డెన్ అనే మూడు చిన్న కొండసీమలు ఒప్పందం చేసుకున్నాయి. 1315లో మోర్గార్టెన్ దగ్గర హాబ్స్‌బర్గుల సైన్యాన్ని ఓడించాయి. స్విట్జర్లాండుకు పునాది అదే. ఆటలో బంగారం కోసం ఎదురుచూసే బెల్‌గ్రేడ్‌లోనే 1961లో అలీన దేశాల తొలి శిఖరాగ్ర సభ జరిగింది. అమెరికా, రష్యా శిబిరాల్లో చేరబోమని నెహ్రూ, టిటో, నాసర్ వంటివారు అక్కడ కలిశారు.

"ఆటే కదా, ఇంత పట్టింపెందుకు?" అనవచ్చు. ఆట నియమాలు పెద్ద రాజ్యం కుర్చీలోంచి రాసినవి. గంటల తరబడి అదే కుర్చీలో కూర్చుంటే, చిన్నవాడంటే ఒక ధర మాత్రమే అన్న లెక్క సహజమనిపిస్తుంది. మనం ఆ కుర్చీలో పుట్టినవాళ్ళం కాదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆడండి. మీలో ఎవరైనా రేపు ఇంజనీరై ఇలాంటి ఆట తయారుచేస్తే, చిన్న రాజ్యాలు ఒకదానితో ఒకటి చేతులు కలిపే మీట ఒకటి తప్పక పెట్టండి.