ప్యాన్ విప్పి చూడండి

ఇంజనాయిల్ ఎన్ని మైళ్లకు మార్చాలో అద్దం మీది స్టిక్కర్ చూసి ఠక్కున చెప్పేవాళ్లు కూడా, ఆటోమేటిక్ గేర్‌బాక్సుకూ ఓ ఆయిలు, ఓ ఫిల్టరు ఉంటాయంటే వింతగా చూస్తారు. అమెరికాలో మనవాళ్ల మొదటి కారు చాలామటుకు సెకండ్‌హ్యాండే. ఊరు మారేవాడి దగ్గరో, మూటాముల్లె సర్దుకుని ఇండియా వెళ్లిపోయేవాడి దగ్గరో కొంటాం. మీటరు లక్ష మైళ్లు దాటి ఉంటుంది. ఏసీ చూస్తాం, టైర్లు చూస్తాం, బంపరు మీద గీతలు లెక్కపెడతాం. గేర్‌బాక్సు ఆయిల్ ఎప్పుడైనా మార్పించావా అని అడిగే నాథుడుండడు. ఒకవేళ అడిగినా వచ్చే జవాబు తెలిసిందే: "దానికి మార్చే పన్లేదట బ్రో."

ఈ మాట గాల్లోంచి పుట్టలేదు. చాలా కార్ల పుస్తకాల్లో ఈ ఆయిల్‌కు గడువే ఉండదు. మరి గేర్‌బాక్సు చేసినవాడేమంటున్నాడు? బీఎండబ్ల్యూ లాంటి కార్లకు గేర్‌బాక్సులు చేసిచ్చే జర్మన్ కంపెనీ జడ్‌ఎఫ్, 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల లోపు, లేదంటే 8 ఏళ్లకు, ఆయిల్ మార్చమంటుంది. కొత్త కారు కొని నాలుగేళ్లకు అమ్మేసేవాడికి ఈ తేడా పట్టదు. మూడో చేతిలో పడ్డ బండిని ఇంకో లక్ష మైళ్లు తోలుదామనుకునేవాళ్లకు పట్టాలి.

ఆయిల్ మార్చమనడం కన్నా, గేర్‌బాక్సు అడుగున ఆయిల్ నిలిచే తొట్టెను, అంటే ప్యాన్‌ను, విప్పమనడం మీదే నా పట్టు. షాపుకెళ్తే ఫ్లష్ చేస్తామంటారు. కూలర్ పైపులకు మిషను తగిలించి పాతది తోసేసి కొత్తది నింపుతారు. దాదాపు మొత్తం మారిపోతుంది. ప్యాన్ దించితే అంత మారదు. షెవర్లే టాహో, సిల్వరాడో బండ్లలో ఏళ్ల తరబడి వాడిన 4ఎల్60ఈ గేర్‌బాక్సునే తీసుకోండి. పెద్ద టార్క్ కన్వర్టర్ ఉన్నదానికి మొత్తం పట్టేది 11 క్వార్టుల పైచిలుకు, ప్యాన్ దించితే వచ్చేది 5. మిగతాది చాలామటుకు ఆ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. లెక్కకైతే ఫ్లషే గెలుస్తుంది. అయితే ఫ్లష్‌లో ఫిల్టరు ఉన్నచోటే ఉంటుంది, ప్యాన్ అడుగున ఏం పేరుకుందో ఎవరి కంటా పడదు.

చూడాల్సిందంతా ఆ అడుగునే ఉంది. రేకు తొట్టెలో చిన్న అయస్కాంతం ఒకటో రెండో అతికించి ఉంటాయి. వాటి మీద నల్లగా, మెత్తగా ముద్ద పేరుకుని ఉంటుంది. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలకూడదు. కాటుకలా జారిపోతే క్లచ్ ప్లేట్లు, గేర్లు మామూలుగా అరిగిన పొడి అది, భయం లేదు. వేలికి గుచ్చుకునే రజను, మెరిసే రేకులు, ఇంత ముక్క ఏదైనా దొరికిందా, లోపల ఏదో విరుగుతోందన్నమాట. కొత్తలో ఎర్రగా ఉండే ఆయిలు ముదిరి గోధుమరంగుకు తిరగడం వయసు వల్లే. నల్లబడి మాడు వాసన కొడితే క్లచ్చులు కాలుతున్నాయి. పాలు కలిసినట్టు గులాబిరంగులో ఉంటే రేడియేటర్‌లోని కూలర్ చిల్లిపడి కూలెంటు ఇందులోకి వస్తోంది. ఆ బండిని ఇక స్టార్టు కూడా చేయకండి. గేరు జారడం మొదలవకముందే ఇంత కబురు తెచ్చే పరీక్ష ఇంకొకటి నాకు తెలియదు.

ఆ ఎరుపు ఆయిల్‌ది కాదు, కలిపిన రంగు. నేల మీద చుక్క పడితే ఇంజన్‌దా, గేర్‌బాక్సుదా అని తేల్చుకోవడానికి. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ గేర్‌బాక్సును జనంలోకి తెచ్చిన తర్వాత, చాలాకాలం ఈ ఆయిళ్లలో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవాళ్లు. క్లచ్చులు కుదుపు లేకుండా పట్టడానికి అంత బాగా పనికొచ్చేది మరొకటి దొరకలేదు. 1970 దశకం మొదట్లో అమెరికా ఆ తిమింగలాలను కాపాడే చట్టాలు తెచ్చాక రసాయనాలతో ప్రత్యామ్నాయాలు తయారుచేసుకోవాల్సి వచ్చింది. ఎర్రగా ఉన్నదల్లా ఒకటే అనుకుని ఏదో ఒక డబ్బా పోసేవాళ్లకు ఈ కథ చెబుతుంటాను. టొయోటా డబ్ల్యూఎస్ రకం ఆయిల్ అడిగిన బండికి డబ్ల్యూఎస్సే పోయాలి.

ఇక పని. జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి దూరకండి. జాక్ స్టాండ్లు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, బండి సమంగా ఉందో లేదో చూసుకోవాలి. డిప్‌స్టిక్ లేని బండైతే ఆయిల్ పోసే ప్లగ్ ఊడుతుందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. పాత ఆయిలంతా దించేశాక పై ప్లగ్ తుప్పుపట్టి కదలకపోతే బండిని షాపుదాకా లాగించుకోవడమే గతి. చాలా ప్యాన్లకు కింద డ్రెయిన్ ప్లగ్ ఉండదు. బోల్టులన్నీ ఒకేసారి తీశారా, స్నానమే. ఒక మూలవైపు బోల్టులు చివరి మరల మీద ఉంచి, ఎదురు మూల నుంచి వదులు చేస్తూ వస్తే ప్యాన్ వాలి, ఆయిల్ ధార కట్టి బేసిన్‌లో పడుతుంది. బయటికొచ్చింది కొలిచి పెట్టుకోండి, మళ్లీ పోయాల్సింది అంతే.

ఫిల్టరు కిందికి లాగితే వస్తుంది. 4ఎల్60ఈలో దాని మెడకుండే సీలు మాత్రం చాలాసార్లు పైన పంపులోనే ఉండిపోతుంది. టార్చి వేసి చూడనివాళ్లు పాత సీలు మీదే కొత్తది నొక్కుతారు. అది సరిగా కూర్చోదు, పంపు గాలి పీలుస్తుంది, కొత్త ఫిల్టరు వేశాకే గేర్లు పాడయ్యాయని తిట్లు మొదలవుతాయి. ఆ సీలు తీసేటప్పుడు అల్యూమినియం మీద గీత పడకూడదు.

ప్యాన్ తిరిగి బిగించేటప్పుడే మన బలం మనకు శత్రువు. 4ఎల్60ఈ ప్యాన్‌కు 16 బోల్టులు, ఒక్కోదానికి సుమారు 11 న్యూటన్ మీటర్లు చాలు. మణికట్టు బలం అంతే. అంతకుమించి తిప్పితే గ్యాస్కెట్ చిట్లుతుంది, లేదా కేసులో మర పోతుంది. రబ్బరు గ్యాస్కెట్‌కు పైన సీలెంటు పూయడం దండగ పని. ఎక్కువైన సీలెంటు లోపలికి చీలికలై ఊడి కొత్త ఫిల్టరుకు అడ్డం పడుతుంది. బండి స్టార్టు చేసి, బ్రేకు తొక్కి గేరు లీవరును అన్ని స్థానాల్లోకీ నెమ్మదిగా తిప్పి, ఆ తర్వాత మట్టం చూడాలి. డిప్‌స్టిక్ లేని చాలా టొయోటాల్లో ఆయిల్ వేడి సుమారు 40 డిగ్రీల దగ్గర ఉండగా అడుగు ప్లగ్ తీసి, అదనంగా ఉన్నది కారిపోనిస్తారు. థర్మామీటరు లేకుండా ఈ అంచనా వేయొద్దు.

పాత ఆయిల్ కదిలిస్తే గేర్లు పోతాయన్న భయం ఇక్కడా ఉంది, విజయవాడ ఆటోనగర్‌లోనూ ఉంది. గేర్లు జారడం మొదలయ్యాకే చాలామందికి ఆయిల్ గుర్తొస్తుంది. అప్పటికే క్లచ్ ప్లేట్లు అరిగి ఉంటాయి, చెడ్డపేరు మాత్రం కొత్త ఆయిల్‌కు వస్తుంది. అంతదాకా వచ్చిన బండికి నేనూ ఈ పని చెప్పను.

అన్ని బండ్లకూ ఇది కుదరదు కూడా. చాలా హోండాల్లో దించడానికి ప్యాన్ ఉండదు, డ్రెయిన్ ప్లగ్ తీసి నింపడమే. ఇండియాలో 2014లో సెలేరియోతో మొదలైన ఏఎంటీ కార్లలో ఉన్నది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ నొక్కి గేరు మార్చే పని మిషను చేస్తుంది. ఇక అమెరికాలో అపార్టుమెంట్ల పార్కింగులో చాలాచోట్ల రిపేర్లు చేయనివ్వరు. వారంటీ పోతుందన్న బెంగ మాత్రం వద్దు. సొంతంగా సర్వీసు చేసుకున్నారన్న ఒక్క కారణానికే వారంటీ కాదనడానికి 1975 నాటి అమెరికా మాగ్నసన్-మాస్ చట్టం ఒప్పుకోదు. రసీదులు దాచుకోండి. వాడేసిన ఆయిల్‌ను ఆటోజోన్ లాంటి దుకాణాలు ఉచితంగానే తీసుకుంటాయి.

చేతులకు మసి అంటడం ఇష్టంలేనివాళ్లు షాపుకే ఇవ్వండి. ప్యాన్ దించమని, దించాక కడగకముందు పిలవమని బండి అప్పగించేటప్పుడే చెప్పండి. ఫ్లష్ చాలు, విప్పక్కర్లేదంటే ఆ వీధిలోనే ఇంకో షాపు ఉంటుంది.