గరాజ్ ఉన్నవాళ్ళ మంచు

అమెరికా, కెనడా తెలుగు కథల్లో మంచు కురవడం మొదలైందంటే నాకు గుండె జారిపోతుంది. తర్వాత ఏం రాబోతోందో ముందే తెలిసిపోతుంది కాబట్టి. ఒక కిటికీ వస్తుంది. కిటికీ దగ్గర ఒక మనిషి, చేతిలో కాఫీ కప్పు. బయట తెల్లదుప్పటి, లేకపోతే దూదిపింజలు. రచయితకి భావుకత కాస్త ఎక్కువైతే రాలుతున్న మల్లెలు. రెండో పేరాకల్లా ఊళ్ళో భోగిమంట, అమ్మమ్మ, గొబ్బెమ్మలు. మూడో పేరాలో ఒంటరితనం. కథ పూర్తయ్యేలోపు ఆ మనిషి ఒక్కసారి కూడా బయటికెళ్ళి కారు స్టార్ట్ చెయ్యడు.

చేస్తే తెలిసేది. స్టార్ట్ అవదు.

ఇది చిన్న లోపం కదా, దీనికోసం ఇంత వ్యాసమా అంటారని తెలుసు. నాకు ఇది చిన్న లోపంలా కనబడటం లేదు. మన డయాస్పోరా సాహిత్యం ఎవరి కిటికీలోంచి రాస్తున్నారో చెప్పే ఆనవాలు ఇది. మంచుని మల్లెలతో పోల్చడానికి కొన్ని వసతులుండాలి. కారు లోపల పెట్టుకునే గరాజ్ ఉండాలి. మంచు తోడటానికి ఇంకెవరో రావాలి. లేదా ఆ రోజు ఇంట్లోంచే పని చేసుకోవచ్చని మేనేజర్ ఈమెయిల్ పెట్టి ఉండాలి. ఈ మూడూ లేనివాడికి మంచు దృశ్యం కాదు, పని. మన కథల్లో ఉన్నది గరాజ్ ఉన్నవాళ్ళ మంచు.

నేను మినియాపొలిస్ పక్కన ఒక అపార్ట్‌మెంట్‌లో నాలుగు శీతాకాలాలు గడిపాను. కారు ఆరుబయట పార్కింగ్‌లో ఉండేది. జనవరిలో రాత్రి మైనస్ 25 సెల్సియస్ అక్కడ వింతేం కాదు. పొద్దున్నే తాళం తిప్పితే వచ్చే ఆ 'టిక్ టిక్ టిక్' శబ్దం విని ఉంటే తెలుస్తుంది, చలికాలపు కవిత్వం ఎక్కడ ఆగిపోతుందో. డ్యాష్‌బోర్డు మీద లైట్లు వెలుగుతుంటాయి, రేడియో కూడా మాట్లాడుతుంటుంది. ఇంజన్ మాత్రం కదలదు. లైట్లకి కావలసినంత కరెంటు ఉంది, ఇంజన్‌ని తిప్పడానికి కావలసినంత లేదు. పైకి అన్నీ బాగానే ఉండి అసలు పని మాత్రం జరగని ఈ స్థితి మన వలస జీవితానికి ఎంత దగ్గరగా ఉందో వేరే చెప్పాలా? చేతికందే ఈ ప్రతీకని వదిలేసి మల్లెల దగ్గరికి వెళ్తాం.

అసలు అక్కడ ఏం జరుగుతోందో చూద్దాం. సాధారణ కార్లలో ఉండేది సీసం, గంధకామ్లం బ్యాటరీ. దాంట్లో కరెంటు పుట్టేది రసాయన చర్య వల్ల. చలికి ఆ చర్య మందగిస్తుంది. సున్నా ఫారెన్‌హీట్, అంటే మైనస్ 18 సెల్సియస్ దగ్గర, బ్యాటరీ బలం సగానికి పైగా పడిపోతుంది. సరిగ్గా అదే సమయానికి ఇంజన్‌కి మామూలు కంటే రెట్టింపు దాకా కరెంటు కావాల్సి వస్తుంది, ఎందుకంటే లోపల ఆయిల్ చిక్కబడింది. ఇది మనవాళ్ళకి కొత్త సంగతి కాదు. సంక్రాంతి రోజుల్లో కొబ్బరినూనె సీసాలో గడ్డకడితే ఎండలో పెట్టో, వేణ్ణీళ్ళ గిన్నెలో ముంచో కరిగించుకున్న వాళ్ళమే. ఇంజన్ ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-30, 0డబ్ల్యూ-20 అని ఉంటుంది కదా, ఆ డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆయిల్ అంత తేలిగ్గా పారుతుంది.

వేణ్ణీళ్ళ గిన్నె ఉపాయం కూడా అక్కడ ఉంది. నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన 1940ల్లో ఇంజన్‌ని కరెంటుతో వెచ్చబెట్టే హీటర్ తయారుచేశాడు. దాని వారసులే ఇవాళ్టి బ్లాక్ హీటర్లు. అలాస్కాలోని ఫేర్‌బ్యాంక్స్‌లో, కెనడాలోని విన్నిపెగ్, ఎడ్మంటన్‌లలో కారు ముందు నుంచి ఒక ప్లగ్గు వేలాడుతూ కనిపిస్తుంది. పార్కింగ్ స్థలాల్లో వరసగా గుంజలు, వాటికి సాకెట్లు. రాత్రి పశువుని గుంజకి కట్టేసినట్టు కారుని కట్టేస్తారు. ఈ పోలిక ఎవరి కథలోనైనా ఉందేమోనని చాలాకాలంగా చూస్తున్నాను. నాకైతే ఇంతవరకూ దొరకలేదు. పల్లె నుంచి వచ్చామని పేజీలకి పేజీలు రాసుకునేవాళ్ళకి ఈ గుంజ కనబడకపోవడమే నాకు వింత.

ఇక మాటల సంగతి. మంచు అనే ఒక్క మాటతో మనం ఎన్ని పనులు చేయించుకుంటున్నామో గమనించారా? గడ్డి మీద బిందువు మంచు. తెల్లారగట్ల పొగలా కమ్మేది మంచు. ఆకాశం నుంచి పడేది మంచు. ఫ్రీజర్‌లో గడ్డకట్టేదీ మంచే. మన వాతావరణానికి అంతకంటే అక్కర్లేదు కాబట్టి అది తప్పేం కాదు. హిమం, తుషారం, నీహారం అని సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలు పద్యంలో గణాలు సర్దడానికి బాగానే పనికొచ్చాయి. రోడ్డు మీద పనికిరావు. అద్దం మీద రాత్రికి రాత్రి పేరుకునే పెళుసు పొర వేరు, తన్నితే లేచిపోయే పొడి మంచు వేరు, ఉప్పు చల్లాక బురదలా మారేది వేరు, తడి రోడ్డులా కనిపించి కారుని గిర్రున తిప్పేసే పారదర్శకపు పొర వేరు. ఆఖరిదాన్ని అక్కడివాళ్ళు బ్లాక్ ఐస్ అంటారు. వీటి మధ్య తేడా తెలియకపోతే మనుషులు చచ్చిపోతారు. ఇరవై, ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉంటున్న మన రచయితలకి మాత్రం ఇప్పటికీ అన్నీ 'మంచే'.

దీనికి జవాబుగా 'తెలుగులో ఆ మాటలు లేవు కదా' అంటారు. లేవు, నిజమే. మాటలు ఎక్కడి నుంచి వస్తాయి మరి? భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వచ్చింది, వ్యవసాయ పదాలతో. 1971లో రెండోది వచ్చింది, చేనేత పదాలతో. ఆ మాటల్ని కవులు సృష్టించలేదు. దున్నేవాళ్ళ నోళ్ళలోంచి, నేసేవాళ్ళ నోళ్ళలోంచి ఏరుకొచ్చారు. పని ఉన్నచోట మాట పుడుతుంది, ఆ మాటని సాహిత్యం దాచిపెడుతుంది. బండికి కాడి, నొగ, ఇరుసు, చీల, కందెన అని భాగం భాగానికీ పేరు పెట్టుకున్న భాష మనది. అదే భాష మాట్లాడేవాళ్ళు లక్షలమంది గడ్డకట్టే దేశాల్లో రోజూ కార్లు నడుపుతున్నారు. వాళ్ళు ఒకరితో ఒకరు ఏమనుకుంటున్నారో, ఏ మాట వాడుతున్నారో వినే ఓపిక రచయితకి ఉండాలి. ఇంగ్లీషు మాటే వాడుతున్నారా? సరే, అదే రాయండి. జంపర్ కేబుల్ అనే మాట తెలుగు వాక్యంలో పడితే వాక్యం మైలపడదు. రైలు, బస్సు, సైకిలు ఇలాగే వచ్చి కుదురుకున్నాయి.

రెండో అభ్యంతరం ఇంకాస్త బరువైనది: 'సాహిత్యం యూజర్ మాన్యువల్ కాదు, మానవ సంబంధాల గురించి రాయాలి.' దీన్ని అన్నవాళ్ళు జంపర్ కేబుల్ ఎప్పుడూ పట్టుకుని ఉండరని నా అనుమానం. అది మామూలుగా పన్నెండు నుంచి ఇరవై అడుగులు ఉంటుంది. చచ్చిన బ్యాటరీ ఉన్న కారుకి బతికున్న బ్యాటరీ ఉన్న కారు అంత దగ్గరికి రావాలి. అంటే ఎవరో ఒకర్ని అడగాలి. పొద్దున్న ఆరున్నరకి, చీకట్లో, ఇంకా పేరు కూడా తెలియని పక్కింటివాడి తలుపు కొట్టాలి. మన ఉచ్చారణ వాడికి అర్థం కావాలి. వాడు మనల్ని నమ్మాలి. అడిగేది ఒంటరిగా ఉంటున్న అమ్మాయైతే, తను కూడా వాణ్ణి నమ్మాలి. అదే కాంప్లెక్స్‌లో నలుగురు తెలుగువాళ్ళున్నా వాళ్ళలో ఎవర్ని అడగొచ్చు, ఎవర్ని అడిగితే సోమవారానికి అందరికీ తెలిసిపోతుంది, ఎవరు ముందు మీదే ఊరని మొదలుపెట్టి మెల్లగా కులం దాకా వస్తారు అనే లెక్కలన్నీ ఆ చలిలోనే వేసుకోవాలి. మానవ సంబంధాలంటే ఇంకేమిటండీ?

ఆ కేబుల్ కలపడంలోనూ ఒక వరస ఉంది. ఎర్రది ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, దాని రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి. ఆఖరి కొస మాత్రం చచ్చిన బ్యాటరీకి తగిలించకుండా, దానికి దూరంగా ఇంజన్ దగ్గరున్న రంగు వెయ్యని లోహానికి తగిలించాలి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంటుంది, దాని పక్కన నిప్పురవ్వ పుడితే పేలుతుంది. ఇంకోటి. బ్యాటరీలో చార్జి అయిపోయేకొద్దీ ఆమ్లం పలచబడి నీళ్ళకి దగ్గరవుతుంది. నిండుగా ఉన్న బ్యాటరీ మైనస్ 40కి కూడా గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయింది మైనస్ పది లోపే గడ్డకట్టొచ్చు. పక్కలు ఉబ్బి కనిపిస్తే దానికి కేబుల్ తగిలించనేకూడదు. ఇదంతా మాన్యువలేనా? అయితే అవనివ్వండి. వడ్రంగి పని తెలిసినవాడు రాసిన కథలో ఉలి ఎలా పట్టుకుంటారో ఉంటే మనం ముచ్చటపడతాం, దాన్ని 'వృత్తి జీవన చిత్రణ' అని మెచ్చుకుంటూ ముందుమాటలు రాస్తాం. ఇంజన్ విషయానికొచ్చేసరికి అది సాంకేతిక వివరం అయిపోతుంది. ఈ తేడా ఎందుకు? డయాస్పోరా రచయితల్లో ఎంతమంది ఇంజనీర్లో లెక్కపెట్టండి. పగలంతా యంత్రాలతో, కోడ్‌తో బతికి, రాత్రి రాయడానికి కూర్చోగానే అవి తెలియనట్టు నటించడం మనకి అలవాటైపోయింది. సాహిత్యమంటే మన డిగ్రీని గుమ్మం బయట చెప్పులతోపాటు వదిలి రావలసిన గుడి అనుకుంటున్నాం.

ఈ మౌనానికి మూల్యం చెల్లించేది ఎవరు? జనవరి సెమిస్టర్‌కి దిగే విద్యార్థులు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో స్వెట్టర్ కూడా అక్కర్లేని చోటి నుంచి నేరుగా వచ్చి, నలుగురు కలిసి పాత కారు కొనుక్కుంటారు. దాంట్లో ఐదేళ్ళ బ్యాటరీ ఉంటుంది. వేసవి వేడికే లోపల దెబ్బతిని ఉంటుంది, ఆ సంగతి బయటపెట్టేది చలి. బ్యాటరీ మీద సీసీఏ అని ఒక అంకె ఉంటుందనీ, మైనస్ 18లో ముప్ఫై సెకన్లపాటు అది ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె అదేననీ వాళ్ళకి చెప్పేవాళ్ళుండరు. మినియాపొలిస్‌లో భారీగా మంచు పడితే నగరం స్నో ఎమర్జెన్సీ ప్రకటిస్తుంది. మూడు రోజులపాటు ఏ రోజు వీధికి ఏ వైపు కారు పెట్టకూడదో నియమాలుంటాయి. స్టార్ట్ అవని కారుని ఆ వైపు నుంచి ఈ వైపుకి ఎలా మారుస్తారు? మార్చకపోతే లాక్కెళ్ళిపోతారు, విడిపించుకోవడానికి డబ్బు కట్టాలి. గరాజ్ ఉన్నవాడికి ఈ కథ అసలు మొదలే కాదు.

కొన్నిసార్లు మూల్యం డబ్బుతో ఆగదు. 2022 డిసెంబర్ చివర్లో బఫెలో ప్రాంతాన్ని ముంచేసిన మంచు తుఫానులో నలభైమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో కార్లలో చిక్కుకుపోయినవాళ్ళూ ఉన్నారు. మంచులో ఆగిపోయిన కారులో హీటర్ కోసం ఇంజన్ నడుపుతూ కూర్చుంటే, వెనక పొగగొట్టం మంచుతో మూసుకుపోయిందేమో దిగి చూసుకోవాలి. లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్ర వస్తున్నట్టుంటుంది, అంతే. మల్లెలతో పోల్చిన ఆ తెల్లదనం చేసే పని ఇది కూడా.

'ఇక అన్నీ ఎలక్ట్రిక్ కార్లే, ఈ గోలంతా పాతబడిపోతుంది' అనేవాళ్ళకి 2024 జనవరిని గుర్తుచేస్తాను. షికాగోలో గడ్డకట్టే చలికి ఎలక్ట్రిక్ కార్లు చార్జింగ్ స్టేషన్ల ముందు గంటలకొద్దీ బారులు తీరాయి, కొన్ని అక్కడే ఆగిపోయాయి. లిథియం బ్యాటరీ చల్లగా ఉంటే చార్జి మెల్లగా ఎక్కుతుంది, ముందుగా దాన్ని వెచ్చబెట్టుకోవాలి. మరి నార్వేలో కొత్తగా అమ్ముడయ్యే కార్లలో అత్యధికం ఎలక్ట్రిక్‌వే, అక్కడ చలి తక్కువా? కాదు. అక్కడ చాలామంది రాత్రిపూట ఇంటి దగ్గరే చార్జి చేసుకోగలరు. షికాగో అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండేవాడికి ఆ వీలుండదు. యంత్రం మారినా ప్రశ్న మళ్ళీ అక్కడికే వచ్చింది: రాత్రి నీ కారు ఎక్కడ పడుకుంటుంది?

నేను జ్ఞాపకాలకి వ్యతిరేకిని కాదు. అమ్మమ్మని కథల్లోంచి వెళ్ళగొట్టమనీ అనడం లేదు. మైనస్ ముప్ఫైలో చేతి తొడుగు తీసి క్లిప్పు బిగించేటప్పుడు లోహం వేళ్ళకి అతుక్కుంటుంది. ఆ క్షణాన అమ్మమ్మ గుర్తొస్తే ఆ జ్ఞాపకానికి ఒక బరువుంటుంది. కాఫీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర తలుచుకుంటే ఉండదు. ఈ శీతాకాలం సంచిక కోసం మంచు మీద కథ రాయడానికి కూర్చున్నవాళ్ళని నేను అడిగేది ఒక్కటే. మీ పాత్రకి జీతమెంతో, ఉద్యోగమేమిటో ఎలాగూ నిర్ణయించుకుంటారు. దాంతోపాటు కారు రాత్రి ఎక్కడ పెడుతుందో, దాని బ్యాటరీ వయసెంతో, అది మొరాయిస్తే పొద్దున్నే ఎవరి తలుపు కొడుతుందో కూడా తేల్చుకోండి. మూడో ప్రశ్నకి జవాబు తట్టకపోతే మీకు ఆ మనిషి ఇంకా తెలియనట్టే.