నీళ్ల పప్పు దేశ రహస్యమా?

సోలాపూర్ తూర్పు భాగంలోని నేతవాడల్లో తెల్లవారుజామున సాంచాల చప్పుడుతో పాటు ఇంకో చప్పుడు కూడా వినిపిస్తుంది. సైన్యంలో భర్తీ కోసం రోడ్డు మీద పరుగు సాధన చేసే మన పిల్లల అడుగుల చప్పుడది. వీళ్ల తాతలు పాలమూరు, నల్గొండ, కరీంనగర్, వరంగల్ నుంచి వచ్చినవాళ్లు. నాన్న చద్దర్లో టవళ్లో నేస్తాడు, అమ్మ బీడీలు చుడుతుంది. కార్ఖానా కూలి మీద నమ్మకం పోయిన కుర్రాడికి అగ్నివీర్ ఉద్యోగం నాలుగేళ్లదే అయినా పెద్ద ఆశ.

మొన్న యౌవనుల కూటమిలో అలాంటి ఒక తమ్ముడు మమ్మల్ని అడిగాడు: "అయ్యగారూ, అక్కడ అన్యాయం జరిగితే ఎవరికి చెప్పుకోవాలి?" మేము జవాబిచ్చేలోపే పక్కవాడు అన్నాడు: "చెప్పుకుంటే దేశద్రోహి అంటార్రా. నోరు మూసుకుని ఉండాలె." అందరూ నవ్వారు. మాకు నవ్వు రాలేదు. వాడి మాటలో నిజముంది.

2017 జనవరిలో జమ్మూకశ్మీర్‌ సరిహద్దులో ఉన్న బీఎస్ఎఫ్ జవాను తేజ్ బహదూర్ యాదవ్ మాడిన రొట్టెను, నీళ్ల పప్పును ఫేస్‌బుక్‌లో చూపించారు. ఆరోపణ అబద్ధమని, క్రమశిక్షణ తప్పారని చెప్పి ఏప్రిల్‌లో ఆయన్ని ఉద్యోగం నుంచి తీసేశారు. అదే జనవరిలో లాన్స్ నాయక్ యజ్ఞ ప్రతాప్ సింగ్, అధికారులు జవాన్ల చేత బూట్లు తుడిపిస్తున్నారని, కుక్కల్ని తిప్పిస్తున్నారని వీడియో పెట్టారు. అంతకుముందే ప్రధానికి, రాష్ట్రపతికి ఉత్తరాలు రాశానని, చివరికి తన మీదే చర్యకు సిద్ధపడ్డారని ఆయన చెప్పారు.

ఆ నెల 15న, సైనిక దినోత్సవం నాడు, అప్పటి సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్ హెచ్చరిక చేశారు. సమస్యల్ని సోషల్ మీడియాకెక్కిస్తే జవాన్ల మనోధైర్యం దెబ్బతింటుందని, అలా చేసినవారికి శిక్ష తప్పకపోవచ్చని అన్నారు. న్యాయంగా చెప్పాలంటే, ఫిర్యాదుల పెట్టెలు పెడతామని, రాసినవారి పేరు బయటపెట్టబోమని కూడా ఆయన అన్నారు.

రెండు నెలలు తిరక్కముందే మన మహారాష్ట్రలోని దేవలాలీ కంటోన్మెంట్‌లో కేరళకు చెందిన గన్నర్ రాయ్ మాథ్యూ శవమై కనిపించారు. అధికారుల ఇంటి చాకిరీ గురించి రహస్య కెమెరాతో తీసిన ఒక వీడియోలో ఆయన మాటలు ఉన్నాయి. తెలియకుండా చిత్రీకరించడం ఆ జవానుకు చేసిన అన్యాయమే. ఆ చావు మీద తీర్పు చెప్పడం మా పని కాదు. కానీ వీడియో తీసిన విలేఖరి మీద అధికార రహస్యాల చట్టం కింద కూడా కేసు పెట్టారు. బాంబే హైకోర్టు 2019లో దాన్ని కొట్టేసింది. అధికారి కుక్కను ఎవరు తిప్పుతున్నారన్నది దేశ రహస్యమా?

సైన్యానికి రహస్యాలుంటాయి, ఉండాలి. దళం ఎక్కడుందో తెలిపే ఒక్క సెల్ఫీ పదిమంది ప్రాణాలు తీయగలదు. 2020 జూలైలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లు తీసేయాలని సైన్యం ఆదేశించింది. దాన్ని సవాలు చేసిన అధికారి పిటిషన్‌ను ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. శత్రువు కన్ను పడకుండా జాగ్రత్తపడటాన్ని మేము తప్పుపట్టం. అయితే జవాను కంచంలో ఏముందో తెలిస్తే శత్రువుకు ఒరిగేదేమిటి?

లోపలే చెప్పుకోవచ్చు కదా అంటారు. 1950 నాటి సైనిక చట్టం 26వ సెక్షన్ ఆ దారి చూపిస్తుంది. నీ పై అధికారికి చెప్పు, ఫిర్యాదు ఆయన మీదే అయితే ఆయన పైవాడికి చెప్పు అంటుంది. కార్ఖానా మేనేజరు మీద ఫిర్యాదుతో సేఠ్ గడప ఎక్కిన నేత కార్మికుడికి ఆ దారి ఎలా ముగుస్తుందో తెలుసు. జవాన్లతో అధికారులు సొంత పనులు చేయించుకోవడం సిగ్గుచేటని, ఆ పద్ధతి పోవాలని పార్లమెంటు రక్షణ స్థాయీసంఘం 2008లోనే చెప్పింది. తొమ్మిదేళ్ల తర్వాత కూడా జవాను అదే మాట వీడియోలో చెప్పాల్సి వచ్చింది.

ప్రియ యౌవనులారా, లూకా సువార్త 3వ అధ్యాయంలో సైనికులు బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి వచ్చి మేమేం చేయాలని అడుగుతారు. జీతంతో తృప్తిపడమన్న మాటను మనం బాగా ప్రసంగిస్తాం. మేమూ ప్రసంగించాం. దానికి ముందున్న రెండు మాటలను మింగేశాం. ఎవరినీ బాధపెట్టవద్దు, ఎవరి మీదా అబద్ధపు నింద మోపవద్దు. ఆకలి అని చెప్పినవాడిని ద్రోహి అనడం అబద్ధపు నింద కాదా? మత్తయి 8లో శతాధిపతి తన దాసుడి బాధ చెప్పడానికి తానే యేసు దగ్గరికి నడిచి వచ్చాడు. కిందివాడు నోరు తెరవాల్సిన అవసరం రాకముందే అతని కోసం మాట్లాడేవాడే నాయకుడు.

ఇక మన ఫోన్ల సంగతి. గణతంత్ర దినాన స్టేటస్‌లో జవాను ఫొటో పెడతాం. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో భర్తను పోగొట్టుకున్న నౌకాదళ అధికారి భార్య, ముస్లింలను, కశ్మీరీలను ద్వేషించవద్దని వేడుకుంటే ఆమెను ఎంత నీచంగా తిట్టారు! సైనికుల మనోధైర్యాన్ని దెబ్బతీసేది తేజ్ బహదూర్ పప్పా, ఈ తిట్లా? ఆ తిట్లలో ఒక్కటైనా మన గ్రూపుల్లోంచి ఫార్వర్డ్ అయిందేమో ఎవరికి వారు చూసుకోవాలి.

నోరు మూయిస్తే శాంతి వస్తుందన్న నమ్మకాన్ని ఈ ఊరు ఎప్పుడో చూసింది. 1930 మేలో గాంధీ అరెస్టు తర్వాత సోలాపూర్ మిల్లు కార్మికులు తిరగబడితే బ్రిటిష్ ప్రభుత్వం మార్షల్ లా పెట్టింది. గాంధీ టోపీ పెట్టుకోవడమూ నేరమే అయింది. 1931 జనవరి 12న మల్లప్ప ధనశెట్టి, శ్రీకృష్ణ సార్డా, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుస్సేన్‌లను ఉరితీశారు. వారి పేరున్న చౌక్ మీదుగానే మనం రోజూ తిరుగుతాం. అది పరాయి ప్రభుత్వపు సైన్యం. ఈనాటి సైన్యం మన గణతంత్రానిది, అందులో ఉన్నది మన వాడ పిల్లలు. రెండింటికీ ఒకే నీతి ఎలా కుదురుతుంది?

అందుకే మేము అడుగుతున్నాం. తిండి, సెలవు, అవమానం గురించిన ఫిర్యాదుల్ని సైన్యం బయటి స్వతంత్ర సంస్థ వినాలి. ఫిర్యాదు చేసినందుకు ఏ జవాన్నీ శిక్షించకూడదు. అధికారుల ఇంటి చాకిరీ పూర్తిగా ఆగాలి.

తమ్ముడూ, నీ ప్రశ్నకు ఆ రోజు ఇవ్వలేకపోయిన జవాబు ఇది. దేశ రహస్యాన్ని ప్రాణంలా కాపాడు. అన్యాయాన్ని మాత్రం దాచకు. ముందు పై అధికారికి రాతపూర్వకంగా చెప్పు. వినకపోతే అమ్మానాన్నలకు చెప్పు, మాకు చెప్పు. వకీలు దగ్గరికైనా, ఎంపీ గడపకైనా నీ తరఫున మేము వస్తాం. నిన్ను ద్రోహి అన్న రోజున సంఘం నీ ఇంటి ముందు నిలబడుతుంది.