గుండె ఆపరేషన్ల ‘కొంచెం బ్లీడింగ్’ అంటే ఎంత?

“ఆపరేషన్ సక్సెస్. కొంచెం బ్లీడింగ్ ఉన్నది, నాలుగు యూనిట్లు తెప్పించుకోండ్రి.” గుండె ఆపరేషన్ జరిగిన ఇంటోళ్లల్ల ఈ మాట విననోళ్లు తక్కువ. అర్ధరాత్రి దాతల కోసం ఫోన్లు కొట్టేటోళ్లల్ల నేను సుత ఒకన్ని. కావాల్సిన యూనిట్ల లెక్క పక్కాగ చెప్తరు. పోయిన రక్తం కాడికొస్తే మాత్రం ‘కొంచెం’ అయితది.

దానికీ లెక్క ఉన్నది. 2014ల వేరే వేరే దేశాల సర్జన్లు, మత్తు డాక్టర్లు కలిసి దీన్ని సున్నా నుంచి నాలుగు దాక తరగతులు చేసిన్రు. ఛాతి మూసినంక 12 గంటలల్ల డ్రెయిన్ సీసల 600 మిల్లీలీటర్లు దాటకపోతే సున్నా. వెయ్యి దాటితే మూడు, అంటే తీవ్రం. రెండు లీటర్లు దాటితే నాలుగు. సీస ఒక్కటే చూడరు. ఎన్ని యూనిట్లు ఎక్కిచ్చిన్రు, ఛాతి మళ్ల తెరిచిన్రా అన్నదీ చూస్తరు. అన్నిట్ల ఏది ఎక్కువ తీవ్రముంటే అదే తరగతి. తరగతి పెరిగిన కొద్దీ చావులు పెరుగుతున్నయని పరిశోధనలు చెప్తున్నయ్.

రక్తం పోయిందంటే సర్జన్ తప్పే అంటే నేనొప్పుకోను. రక్తాన్ని మిషన్ల తిప్పాలంటే గడ్డ కట్టకుండ హెపారిన్ ఇయ్యాలె. ప్లేట్‌లెట్లు దెబ్బతింటయ్. క్లోపిడోగ్రెల్ మింగేటోళ్లకు మామూలుగ ఐదు రోజుల ముంగట ఆపుతరు, ఎమర్జెన్సీల ఆ టైం యాడిది? ఇంకో సంగతి, సీస నిండుతలేదని సంబురపడొద్దు. గొట్టంల గడ్డ అడ్డం పడితే రక్తం గుండె చుట్టే నిలిచి దాన్ని ఒత్తేస్తది.

రక్తం ఆపుడొక్కటే చూస్తే ఏమైతదో అప్రోటినిన్ మందు చూపెట్టింది. కెనడాల రెండు వేల మందికి పైన రోగుల మీద ట్రయల్ చేసిన్రు. భారీ బ్లీడింగ్ వేరే రెండు మందుల కన్నా దీనితోని కొంత తగ్గింది. కానీ నెల రోజులల్ల నూటికి ఆరుగురు సచ్చిపోయిన్రు. ఆ అగ్గువ మందులు తీసుకున్నోళ్లల్ల నూటికి నలుగురు. 2007ల బయర్ కంపెనీ అమ్మకం ఆపింది. (తర్వాత కెనడా, ఐరోపా షరతులతోని మళ్ల ఒప్పుకున్నయ్, అది వేరే ముచ్చట.) అందుకే ఎంత రక్తం పోయింది, మనిషి ఎట్లున్నడు అన్న రెండు లెక్కలూ పక్కపక్కన ఉండాలె.

మన తెలంగాణల ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ల 10 లక్షలైంది. పైసలు జనానియి. డిశ్చార్జ్ కాగితం మీద తరగతి, యూనిట్లు, మళ్ల తెరిచిన్రా లేదా అని మూడు లైన్లు రాయనీకి ఏం కష్టం? దవాఖాన వారీగ ఏడాదికోసారి బయటపెట్టాలె. న్యూయార్క్ రాష్ట్రం బైపాస్ మరణాల లెక్క 1990ల నుంచే అట్ల పెడుతున్నది. లెక్క బయటపెడితే సీరియస్ కేసులు ఎవరూ ముట్టరని డాక్టర్లంటరు. ఆ భయం ఉత్తది కాదు. అందుకే అక్కడ వయసు, కిడ్నీ, ఎమర్జెన్సీ అన్నీ చూసి లెక్క సరిచేస్తరు.

అప్పటిదాక ఇంటోళ్లు అడగాలె: సీసల ఎంత, ఎన్ని గంటలల్ల, రక్తం ఎక్కించే ముంగట హిమోగ్లోబిన్ ఎంత? 2017ల ఐదు వేల మంది మీద చేసిన ట్రయల్‌ల 7.5 కన్నా తగ్గేదాక ఆగి ఎక్కించినోళ్లకు, ముందే ఎక్కించినోళ్ల కన్నా ఎక్కువ నష్టమేం కాలే.